గాలి సున్నా

నాలుగు రోజుల్నించి ఓబులేశుకి తిండి సయించడం లేదు. పెరుగన్నం రెండు ముద్దలు తినేసరికి ఫోను మోగుతుంది. అవతల ఎవరో పడవ సరంగు. "బావూ, మీ యాప్ మళ్లీ పడిపోనాది." ఓబులేశు కుడిచేతిలో ముద్ద, ఎడమచేతిలో ఫోను పట్టుకుని, "అయ్యో, ఇంకోసారి తెరవండన్నా" అంటాడు. తెరుస్తారు. మళ్లీ పడిపోతుంది.

పోనీ ఎవరి పాపమో వాడు మోస్తున్నాడా అంటే, అదీ కాదు. సొంత చేత్తో రాసుకున్నదే.

యాప్ పేరు రేవు. ఆ ఊరి మత్స్యకారుల సంఘం చేయించుకుంది. ఒడ్డుకి పదిహేను మైళ్ల దూరాన, సముద్రంలో లంగరేసిన యంత్రం ఒకటి తేలుతూ ఉంటుంది. అక్కడ గాలి ఎంత విసురుగా ఉందో, అల ఎంత ఎత్తు లేస్తోందో గంటగంటకీ కబురు పంపుతుంది. ఆ కబురూ, దాంతోపాటు పోటు వేళలూ, ఏ పడవ ఎవరిదన్న వివరాలూ ఎనభై పడవల వాళ్ల ఫోన్లలో కనబడాలి. అంతే పని.

పనికి చిన్నదే, ప్రాణాలకి పెద్దది. పోయిన ఏడాది, ఒడ్డున ఆకు కదలని రోజున, ధైర్యంగా వేటకెళ్లిన పడవ ఒకటి లోపలి గాలికి తిరగబడిపోయింది. ఇద్దరు మనుషులు మళ్లీ రాలేదు. సంఘం వాళ్లు కాళ్లరిగేలా తిరిగి ఆ యంత్రం వేయించుకున్నదీ, యాప్ కావాలన్నదీ ఆ తర్వాతే. సాయంత్రం నాలుగింటికి తాడు విప్పేముందు ప్రతి సరంగూ ఫోను చూస్తాడు. లోపలికి వెళ్లాలా, ఒడ్డు పక్కనే వల వేసుకోవాలా అన్నది దాన్ని బట్టే.

చిక్కల్లా ఆ యంత్రంతోనే. దానికి బుద్ధి పుడితే మాట్లాడుతుంది, లేకపోతే లేదు. ఒకరోజు సిగ్నల్ అందదు, ఒకరోజు బ్యాటరీ నీరసిస్తుంది, ఇంకోరోజు దేవుడికే తెలియాలి. అప్పుడు గాలి అన్న చోటికి ఏ అంకే రాదు. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఆ ఖాళీని నిల్ అంటారు.

ఓబులేశు రాసే భాషలో దీనికో పద్ధతుంది. ఉండొచ్చు, ఉండకపోవచ్చు అనుకున్న విలువని వాడుకునే ముందు, ఉందా అని అడగాలి. లేకపోతే ఏం చెయ్యాలో అక్కడే రాయాలి. రాయకపోతే కంప్యూటరు ఎర్రగీత గీసి మొరాయిస్తుంది. అడిగే ఓపిక లేనివాడికి అడ్డదారి కూడా ఉంది. ఆశ్చర్యార్థకం గుర్తు ఒకటి కొడితే చాలు. "ఉందిలే, నాదీ పూచీ" అన్నమాట. ఎర్రగీత మాయమవుతుంది. యంత్రం మాట్లాడినన్నాళ్లూ ఏ గొడవా ఉండదు. అది మూగబోయిన రోజున మాత్రం యాప్ ఉన్నచోటే కూలబడుతుంది.

ఓబులేశు ఇలాంటి పూచీలు నలభై మూడు రాసి కూర్చున్నాడు.

వాడికి పని నేర్పుతున్నావిడ పేరు వరహాలమ్మ. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఐసు ఫ్యాక్టరీ మేడమీద రెండు గదులు తీసుకుని, మూడు కంప్యూటర్లు పెట్టుకుంది. రేవులో అందరూ పంతులమ్మగారంటారు. మోకాళ్లు అరిగిపోయాయి. అన్నేళ్లు పాఠాలు చెప్పి మాటలు కూడా అరిగాయో ఏమో, పొదుపుగా వాడుతుంది. ఓబులేశుది అనంతపురం వైపు. నగరంలో ఉద్యోగం ఊడితే, ఎవరో ఆవిడ పేరు చెప్తే, ఎనిమిది నెలల కిందట పెట్టె పట్టుకుని వచ్చాడు. అప్పటిదాకా సముద్రం చూసిన మొహం కాదు.

చేరిన కొత్తలో వాడు రాసిన మొదటి ఆశ్చర్యార్థకం చూసి ఆవిడ ఒకటే అడిగింది.

"ఈ పూచీ ఎవరి తరఫున నాయనా?"

"ఊరికే మేడం, ఎర్రగీత పోతుందని" అన్నాడు వాడు.

ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు. కుర్రవాళ్లకి చెప్పి చెప్పి ఆవిడ ఎప్పుడో అలిసిపోయింది.

ఇదిలా ఉండగా శుక్రవారం పొద్దున ఆరు దాటాక యంత్రం మళ్లీ మూగబోయింది. పదకొండింటికల్లా ఓబులేశుకి ఇరవై ఆరు ఫోన్లు. ఇరవై ఏడో ఫోను చేసిన పెద్దాయన తిట్టనైనా తిట్టలేదు. "పోన్లే బావూ, నీకు రాదు కాబోలు" అని పెట్టేశాడు. ఆ మాటకి ఓబులేశు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే తిక్కరేగింది.

తలుపేసుకుని కూర్చున్నాడు. ఆ భాషలోనే ఇంకో సదుపాయం ఉంది. విలువ లేకపోతే దాని బదులు ఫలానాది వేసుకో అని ముందే చెప్పి పెట్టొచ్చు. నలభై మూడు ఆశ్చర్యార్థకాలూ పీకేశాడు. అంకె ఉండాల్సిన ప్రతిచోటా, లేకపోతే సున్నా వేసుకో అన్నాడు. పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలెయ్యమన్నాడు. రెండు గంటల్లో పని తెమిలిపోయింది. ఫోనులో నెట్టు తీసేశాడు, యాప్ పడలేదు. సిమ్ము పీకేశాడు, పడలేదు. వాడు తన్నలేదు గానీ, తన్నినా పడేట్టు లేదు.

రెండున్నరకి వరహాలమ్మ ముక్కాలిపీట మీద కాళ్లు చాపుకుని మోకాళ్లకి నువ్వులనూనె రాసుకుంటోంది. ఓబులేశు ఫోను తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. నాలుగు రోజుల గడ్డం, పీక్కుపోయిన మొహం. అయినా ఎక్కడో చిన్న గర్వం.

"మేడం, ఇంక పడదు. ఏం చేసినా పడదు. నలభై మూడూ సరిచేసినా."

ఆవిడ చేతులు పాతగుడ్డకి తుడుచుకుని ఫోను అందుకుంది. తెరమీద రెండు వరసలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. గాలి 0. అల 0.

"యంత్రం మాట్లాడుతోందా?"

"లేదు మేడం. పొద్దున్నించి ఒక్క ముక్క లేదు. అయినా చూడండి, యాప్ ఎట్లా నిలబడిందో."

ఆవిడ చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరికైనా పంపావా?"

"మీరు సరేనంటే ఇప్పుడే పంపిస్తా. నాలుగింటికి పడవలు పోయే లోపల అందరికీ చేరిపోతుంది."

వరహాలమ్మ పీట మీంచి కాళ్లు ఒక్కొక్కటే దించింది.

"చెప్పులేసుకో" అంది.

మేడమెట్లు పద్దెనిమిది. ప్రతి మెట్టు మీదా ఆవిడ రెండు పాదాలూ ఆనించి, ఊపిరి తీసుకుని, తర్వాతి మెట్టు దిగుతోంది. వెనకాల నిలబడ్డ ఓబులేశుకి చిరాకేసింది. సరే అన్న ఒక్క మాటకి ఇంత యాత్రెందుకని లోపల్లోపల సణుక్కున్నాడు. నిద్రలేని కళ్లకి రేవు నిండా ఎండ తెల్లగా గుచ్చుకుంటోంది. గాలి లేదు. జెండాకర్రకి సంఘం జెండా అతుక్కుపోయి ఉంది.

జెట్టీ చివర ఎర్రయ్య పడవ ఉంది. ఎర్రయ్య యాభై దాటిన సరంగు, పోయిన ఏడాది రాని ఇద్దరిలో ఒకడు వాడి మేనల్లుడు. నలుగురు కళాసీలు వలలు సర్దుతున్నారు. ఎర్రయ్య మాత్రం పడవ అంచు మీద కూర్చుని, మబ్బు వైపు చూస్తూ చుట్ట నములుతున్నాడు.

"ఏటి పంతులమ్మగారూ, మీరే దిగొచ్చినారు?"

"కొత్తది తయారైందట ఎర్రయ్యా. చూసి చెప్పు" అని వరహాలమ్మ ఓబులేశు ఫోను ఎర్రయ్య చేతికిచ్చింది. తాళ్లచుట్ట మీద కూలబడి మోకాలు రుద్దుకోసాగింది.

ఎర్రయ్య ఫోను దూరంగా పట్టి, కళ్లు చికిలించి చదివాడు. చదివి, చుట్ట తీసి చెవి వెనక పెట్టుకున్నాడు.

"గాలి సున్నా! కెరటం సున్నా! ఓలమ్మా, సంద్రం తొంగున్నాదిరా!" అని లేచాడు. "మద్దేన్నించి ఆ మబ్బు సూసి నాకు మనసొప్పనేదు. ఒడ్డునే ఉండిపోదారనుకున్నాను. ఓరే, ఐసు ఇంకో నాలుగు పెట్టెలెక్కించండ్రా. దూరం గదా, ఇప్పుడే లోపలికి ఎలిపోదాం."

కళాసీలకి హుషారొచ్చింది. ఐసు పెట్టెలు చేతులు మారాయి. ఒకడు వెళ్లి ఇంజను తిప్పాడు.

ఓబులేశు వరహాలమ్మ వైపు చూశాడు. ఆవిడ వాడి వైపు చూడటం లేదు. మోకాలి వైపు చూసుకుంటోంది.

"మేడం" అన్నాడు గొంతు తగ్గించి. "ఆయనకి చెప్పండి."

"ఏమని?"

"అది నిజం సున్నా కాదని."

"సున్నా రాసింది నేనా?"

ఇంజను అందుకుంది. నల్లటి పొగ జెట్టీ మీదికి వచ్చింది. ముందు తాడు విప్పేశారు. వెనక తాడు ముడి దగ్గర కుర్ర కళాసీ వంగాడు. ఆవిడ లేచి ఆపుతుందనుకున్నాడు ఓబులేశు. ఆవిడ లేవలేదు. రెండో మోకాలు అందుకుంది.

"అన్నా! ఆగండన్నా!"

వాడి కేక వాడికే కొత్తగా వినబడింది. పరిగెత్తి తాడు మీద కాలేసి తొక్కాడు. ఎర్రయ్య తల తిప్పాడు.

"ఏటయింది బావూ?"

"గాలి సున్నా కాదన్నా."

"మరెంత?"

ఓబులేశు నోరు తెరిచాడు. ఇంజనీరింగ్ నాలుగేళ్లు చదివాడు, మూడు కంపెనీల్లో పని చేశాడు, ఎన్ని ఇంటర్వ్యూల్లో ఎన్ని ప్రశ్నలడిగినా ఏదో ఒకటి చెప్పి గట్టెక్కాడు. ఈ ఒక్క మాట మాత్రం ఎవరిముందూ అన్న పాపాన పోలేదు. ఎర్రయ్య చూస్తున్నాడు. కళాసీలు నలుగురూ చూస్తున్నారు.

"తెలీదన్నా" అన్నాడు. "పొద్దున్నించి అక్కణ్ణించి కబురే లేదు. తెలీదు."

తిడతాడనుకుని తలొంచుకున్నాడు. నిజానికి తిడితే బాగుండుననిపించింది.

ఎర్రయ్య తిట్టలేదు. "తెలీదా" అన్నాడు. వెనక్కి చెయ్యి ఊపితే ఇంజను ఆగిపోయింది. పడవ దిగి, జెట్టీ కొసదాకా నడిచి, అప్పుడే వేట నుంచి ఒడ్డుకొస్తున్న పడవకేసి నోటికి చేతులడ్డం పెట్టి అరిచాడు.

"ఓరే సింహాద్రీ! అవతల ఎలాగున్నాదిరా?"

ఆ పడవలోంచి సమాధానం ముక్కలు ముక్కలుగా వచ్చింది. "బాగో...నేదు. వల సగం...కోసేసి... వొచ్చినాం."

వల కోసి వదిలేసి వచ్చేశారంటే ఇంక అడగాల్సిందేమీ లేదు. ఎర్రయ్య వెనక్కి వచ్చి, "ఐసు దించేయండ్రా" అన్నాడు. ఎక్కించిన పెట్టెలన్నీ మళ్లీ దిగాయి. కళాసీలు ఒక్కరూ గొణగలేదు. కుర్ర కళాసీ విప్పబోయిన ముడిని మళ్లీ బిగించాడు.

ఎర్రయ్య ఫోను ఓబులేశు చేతిలో పెట్టాడు. కోపంగా ఏమీ లేడు. కాస్త అలిసిపోయినట్టున్నాడు.

"తెలీకపోతే తెలీదని సెప్పాల గానీ, సున్నా అంతారేటి బావూ? తెలీదంటే మాకు బయిం నేదు. తెలీనప్పుడు ఏటి సెయ్యాలో మాకు తెలుసు."

చెవి వెనక చుట్ట తీసుకుని మళ్లీ పడవ అంచు మీద కూర్చున్నాడు.

ఓబులేశు వెళ్లి వరహాలమ్మ పక్కన తాళ్లచుట్ట మీద కూలబడ్డాడు. ఆ ఫోనులో, పంపించు అన్న బొత్తాం ఇంకా వాడి వేలి కోసం ఎదురుచూస్తూనే ఉంది. వాడు దాన్ని బోర్లించి పెట్టాడు.

"నేను పంపేసుంటే..." అన్నాడు.

ఆవిడ చీరకొంగు ముడి విప్పి, అందులో ఉన్న వేయించిన బఠానీలు సగం వాడి చేతిలో పోసింది. ఇద్దరూ కాసేపు బఠానీలు నమిలారు.

"ఇప్పుడా నలభై మూడూ ఏం చెయ్యాలి మేడం?"

"నన్నడుగుతావేం?" అని గడ్డంతో ఎర్రయ్యని చూపించింది. "ఆయన్ని అడుగు."

మరునాడు మధ్యాహ్నం ఓబులేశు కాగితాలు పట్టుకుని ఎర్రయ్య పడవ దగ్గరికి వెళ్లాడు. ఎర్రయ్య వల చిరుగులు కుట్టుకుంటున్నాడు. ఓబులేశు పక్కన చతికిలబడి ఒక్కొక్కటే అడిగాడు. అన్నా, గాలి అంకె రాకపోతే? "నిన్న సెప్పినాను గదా. తెలీదని రాయి. ఆకరిసారి ఎప్పుడు తెలిసిందో, ఎంతున్నాదో, అదీ రాయి." పోటొచ్చే టైము రాకపోతే?

ఆ ప్రశ్నకి ఎర్రయ్యకి నవ్వొచ్చింది. "నిన్నటి టైముకి రెండు గడియలు కలుపుకో. పోటు ఎక్కడికి పోతాది? దానికీ యంత్రమేనేటి?" రెండు గడియలంటే నలభై ఎనిమిది నిమిషాలని ఓబులేశు లెక్కగట్టి రాసుకున్నాడు. పడవ ఫోటో లేకపోతే అని అడిగితే, బొమ్మ లేకపోతే కొంపలేమీ మునగవన్నాడు.

"సరంగు ఇంటి ఫోను నెంబరు లేకపోతే?"

ఎర్రయ్య చేతిలో దారం ఆగింది.

"అది నేకపోతే తాడు విప్పనియ్యొద్దు" అన్నాడు. "మావోడు పోయినప్పుడు ఆళ్లింటికి కబురు సెప్పడానికి నెంబరు నేదు. రెండ్రోజులు మా సెల్లి అన్నం వొండుకుని కూకున్నాది."

ఆ తర్వాత వల మీదికి వంగిపోయాడు. ఓబులేశు ఆ మాట కింద రెండు గీతలు గీసి, కాగితం తిప్పాడు. నలభై మూడింటికీ మూడు మధ్యాహ్నాలు పట్టింది. రాయడానికి ఇంకో నాలుగు రోజులు. ఒక్క ఆశ్చర్యార్థకమూ లేదు. సున్నాలు కూడా, నిజంగా సున్నా ఉన్నచోటే ఉన్నాయి.

ఆ పై బుధవారం యంత్రం మళ్లీ మూగబోయింది. మధ్యాహ్నం ఓబులేశు క్యారేజీ విప్పి, ఫోను పక్కన పెట్టుకుని, భయం భయంగా పెరుగన్నం కలిపాడు. ఫోను మోగలేదు. రెండు ముద్దలు, నాలుగు ముద్దలు, చివరి ముద్ద. మోగలేదు. చెయ్యి కడుక్కుని యాప్ తెరిచి చూశాడు.

గాలి: తెలీదు. ఆఖరిసారి తెలిసింది పొద్దున ఏడింటికి, 22. సముద్రం చూసుకుని వెళ్లండి.

వరహాలమ్మ కిటికీ దగ్గర మోకాళ్లకి గుడ్డ చుట్టుకుంటోంది. ఓబులేశు వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. రెండు వారాల అలసట ఇప్పుడు ఒక్కసారిగా మీద పడింది. ఎవరైనా ఒక్క మాట గట్టిగా చెప్తే, అక్కడే ఒరిగి నిద్రపోదామని ఉంది వాడికి.

"మేడం, నలభై మూడూ అయిపోయినాయి. ఒకటికి పదిసార్లు చూసుకున్నా" అన్నాడు. "ఇంక ఎప్పటికీ పడదు కదా?"

ఆవిడ గుడ్డ కొస లోపలికి దోపి, తలెత్తి వాడి మొహం చూసింది. వాడికేం కావాలో ఆవిడకి తెలుసు. పాపం, ఆవిడకీ ఇచ్చెయ్యాలనే ఉంది.

"తెలీదు నాయనా" అంది.

ఓబులేశు తల తిప్పి చూశాడు. గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. ఇంకో ముప్పావుగంటలో పడవలు తాళ్లు విప్పుతాయి.

వాడు చెప్పులేసుకుని, మెట్లు దిగి, ఎవరి ఫోనులో ఏం కనబడుతోందో చూడటానికి రేవు వైపు నడిచాడు.